తేజోవేగము, శబ్దవేగము, పితృభక్తి

ఏటి యావలి గట్టున బండపై బట్టలుదుకువానిని ఈవలి గట్టునుండి చూచినవారికి, బట్ట బండమీఁదఁ బడుటయు, ఆ చప్పుడు చెవిని బడుటయు నొక్కసారిగా జరుగవని తెలియును. ఏఱు మిక్కిలి వెడల్పైనదైనచో రెండవ దెబ్బకై చేయి పైకి లేచునప్పటికిఁ గాని మొదటి దెబ్బ చప్పుడు వినరాదు. తిరునాళ్ళలో ఆకాశమున అవుటు పగిలి నిప్పుపూవులు రాలుట ముందు, దాని మ్రోఁత వెనుక. మెఱుపు ముందు, ఉఱుము వెనుక. ఈ సంగతి పుస్తకము ముట్టని పల్లెవాఁడును ఎఱుఁగును. అయితే ఈ ముందువెనుకలు ఎంతయని యడుగుట వేఱు; అడిగి, కొలిచి, వచ్చిన సంఖ్యను వచ్చినట్లు చెప్పుట మఱియు వేఱు. ఈ మూఁడవదానిని గుఱించియే మేము కొంత వ్రాయఁదలఁచితిమి.

గాలిలో ధ్వని, ఉష్ణోగ్రత 20 డిగ్రీలున్నప్పుడు, సెకనునకు సుమారు 343 మీటర్లు పోవును. వేసవిలో కొంచె మధికముగను, చలిలో కొంచెము తక్కువగను పోవును. నీటిలో దాని వేగము ఇంతకు నాలుగు రెట్లు మించును. ఉక్కులో ఇంకను హెచ్చు. శూన్యములోనన్ననో అది యడుగైన వేయలేదు. వెలుఁగు తద్విరుద్ధము. దానికి వాహనమే యక్కఱలేదు. శూన్యములోనే అది యత్యధిక వేగముతోఁ బోవును. ఆ వేగము సెకనునకు 29,97,92,458 మీటర్లు. 1983లో మీటరునే ఈ వేగమునుబట్టి నిర్వచించుటచేత నీ సంఖ్య యింక మాఱునది కాదు. మైళ్ళలోఁ జెప్పుకొన్నచో సెకనునకు 1,86,282. గాలిలోని ధ్వనికంటె వెలుఁగు ఎనిమిది లక్షల డెబ్బదివేల రెట్లు వేగము కలది. సూర్యునినుండి మనకు వెలుఁగు వచ్చుటకు 8 నిమిషముల 19 సెకనులు చాలును. నడుమ నంతయు మన యూరి గాలివంటి గాలియే నిండియున్నదని యొక క్షణము భావించినచో, సూర్యునివద్ద బయలుదేఱిన చప్పుడు మనలను జేరుటకు పదునాలుగేండ్లకు కొంచెము తక్కువ పట్టును. శ్రీరాముఁడు అడవికిఁ బోయి మరల వచ్చునంత కాలము.

ఈ సంఖ్యలను పిల్లలకుఁ జెప్పిన ప్రతి సంవత్సరమును తరగతిలో నొకఁడైన లేచి, "ఇది మన వేదములోనే యున్నదఁట గదా" యని యడుగుచుండును. వాఁడు విన్నది వట్టి పుకారు కాదు. ఋగ్వేదము ప్రథమ మండలమునందలి యేఁబదియవ సూక్తములో సూర్యుని శీఘ్రగామిగా స్తుతించు ఋక్కొకటి కలదు. విజయనగర ప్రభువగు బుక్కరాయల కాలమున, అనఁగా పదునాలుగవ శతాబ్దమున, వేదభాష్యము రచించిన సాయణాచార్యులు ఆ ఋక్కునకు వ్యాఖ్యానము చేయుచు, అర్ధనిమేషములో 2202 యోజనములు సాగు నీకు నమస్కారమను భావముగల స్మృతివాక్యమొకటి యుదాహరించినారు. ఈ వాక్యము భాష్యమున నిజముగా నున్నది. ఎవ్వరో నిన్న మొన్న చేర్చినది కాదు. దీనిని లెక్కకట్టి, సెకనునకు 1,86,000 మైళ్ళని తేల్చి, రోమరు పుట్టుటకు మూఁడువందల యేండ్లకుఁ బూర్వమే తేజోవేగము మనవారికిఁ గరతలామలకమని కొందఱు సభలలోఁ జెప్పుచున్నారు, పత్రికలలో వ్రాయుచున్నారు. నేఁడు సెల్‌ఫోనులలోఁ గూడ నింటింటికిఁ బంపుచున్నారు. వినువారు పులకించుచున్నారు. పులకించుట తప్పు కాదు. ఆ లెక్క యెట్లు వచ్చినదని యడుగకుండుట తప్పు.

మేమడిగి చూచితిమి. యోజనమనఁగా 8000 ధనువులు, ధనువనఁగా నాలుగు మూరలు అనుకొన్నచో యోజనము సుమారు 9 మైళ్ళగును. విష్ణుపురాణమున నున్నట్లు 15 నిమేషములు కాష్ఠ, 30 కాష్ఠలు కళ, 30 కళలు ముహూర్తము, 30 ముహూర్తములు అహోరాత్రమని గ్రహించినచో నిమేషము సెకనులో అయిదవ పాలుకంటె రవంత యెక్కువ. ఈ రెంటిని గలిపినచో 1,86,000 మైళ్ళు వచ్చును, సందేహము లేదు. కాని యోజనమునకు మనవారిలో నొక్క కొలతయే లేదు. ఆర్యభటుఁడు భూమివ్యాసము 1050 యోజనములన్నాఁడు. మన మెఱిఁగిన భూమితో సరిచూచినచో ఆయన యోజనము ఏడున్నర మైళ్ళు. సూర్యసిద్ధాంతము వ్యాసము 1600 యోజనములన్నది. దాని యోజనము అయిదు మైళ్ళు. ఏడున్నరతో లెక్కించినచో వెలుఁగు వేగము 1,55,000 మైళ్ళగును. అయిదుతో లెక్కించినచో 1,03,000. నిమేషమైనను స్థిరముగా నిలిచినదా? మనుస్మృతిలో కాష్ఠకు 15 కాదు, 18 నిమేషములు. ఆ నిమేషమును 9 మైళ్ళ యోజనముతోఁ గూర్చినచో 2,23,000 మైళ్ళు. అయిదు మైళ్ళ యోజనముతోఁ గూర్చినచో 1,24,000. లక్ష మొదలు రెండు లక్షల యిరువదిమూఁడు వేలవఱకు ఎక్కడఁ గోరిన నక్కడ నిలుచు సంఖ్య యిది.

మఱియు నాకాశములో సూర్యుని పరుగును యోజనములలో లెక్కించుట పురాణములకుఁ గ్రొత్త కాదు. భాగవత పంచమస్కంధము సూర్యరథము మేరువు చుట్టు తిరుగు దారి తొమ్మిది కోట్ల యేఁబదియొక్క లక్షల యోజనములనియు, క్షణమునకు రెండు వేల యోజనముల పైచిలుకు పోవుననియుఁ జెప్పుచున్నది. సాయణులు తలఁచుకొన్న వాక్యమును ఈ కోవకుఁ జెందినదే. నమస్కారము సూర్యునకు, పరుగు సూర్యునిది, సూర్యుఁడు భూమి చుట్టు తిరుగుననుకొన్న కాలపు మాట. భక్తుఁడు తన దేవుని వేగమును బెద్ద సంఖ్యతోఁ గీర్తించినాఁడు. ఆయనకు లేని యుద్దేశము నాయన నోటఁ బెట్టి, ఆయనను గౌరవించితిమని మనము చెప్పుకొనుచున్నాము. సాయణులు ఇది తన యెన్నికయని గాని, ఎవ్వరో కొలిచినారని గాని యనలేదు. స్మరింపఁబడుచున్నదని మాత్రమే యన్నారు. ఆ పండితుని జాగ్రత్త ఆయన భక్తులకు లేకపోయెను!

అంకగణితపు పుస్తకము చివర జవాబులుండును. తెలివిగల సోమరి పిల్లవాఁడు ముందు జవాబు చూచి, తరువాత దానికి సరిపడునట్లు లెక్క యల్లును. మే మట్టి పలకలనెన్నియో చూచితిమి. అంకెలన్నియు సరిగానే యుండును, ఒక్క మెట్టుమాత్రము ఎందులకు వేసినాఁడో వానికే తెలియదు. సాయణవాక్యమునకు జరిగినదిదియే. సాయణుల తరువాత రోమరువఱకు మూఁడు శతాబ్దములు గడచినవి. ఆ కాలమంతయు భాష్యము చదివిన పండితులెవ్వరును అందులో వెలుఁగు వేగమును జూడలేదు. జవాబు వచ్చిన పిమ్మటనే లెక్క పుట్టినది. కొలతలో సెకనునకు 1,03,000 మైళ్ళని తేలియున్నచో, ఈ సభలలోనే సూర్యసిద్ధాంతపు యోజనమే ప్రమాణమని చప్పట్లు మ్రోఁగియుండును.

ఆ జవాబు మఱియొకచోట నెంత కష్టముమీఁద వచ్చినదో చూడవలెను. గెలీలియో 1638లో ప్రకటించిన గ్రంథమున, ఇద్దఱు మనుష్యులు దూరముగా నిలిచి, ఒకఁడు లాంతరు మూఁత తీయఁగానే రెండవవాఁడు తన మూఁత తీయు పరీక్షను వర్ణించినాఁడు. మైలుకంటెఁ దక్కువ దూరములోఁ జేసితిననియు, వెలుఁగునకుఁ గాలము పట్టునో పట్టదో తేల్చుకొనలేకపోతిననియు, తత్క్షణము కాకపోయినను మహావేగమనియు జెప్పినాఁడు. "తేల్చుకొనలేకపోతిని" అను మాట అంతటివాని గ్రంథములో నుండుటను మేము పిల్లలకు రెండుసార్లు చదివి వినిపింతుము. 1676లో పారిసు వేధశాలలో పనిచేయుచుండిన డెన్మార్కు దేశీయుఁడు ఓలె రోమరు, గురుగ్రహము చుట్టు తిరుగు ఉపగ్రహమొకటి గ్రహణమునుండి వెలువడు కాలములను బరిశీలించి, భూమి గురునికి దూరమగుకొలఁది ఆ వెలువడుట ఆలస్యమగుటను గనిపెట్టెను. ఆలస్యము వెలుఁగు ప్రయాణమునదియని ఊహించి, భూకక్ష్య వ్యాసమును దాఁటుటకు వెలుఁగునకు 22 నిమిషములు పట్టుననెను. సరియైనది 16 నిమిషముల 38 సెకనులు. ఆ వేధశాలకుఁ బెద్దయగు కస్సినీ దీని నంగీకరింపలేదు. రోమరు సంఖ్య తప్పు, ఊహ యొప్పు. తరువాత 1849లో ఫిజో యను ఫ్రెంచివాఁడు 720 పండ్లు గల చక్రమును గిరగిర త్రిప్పి, పండ్ల సందులనుండి వెలుఁగును 8633 మీటర్ల దూరమున నున్న అద్దమునకుఁ బంపి, తిరిగి వచ్చునప్పటికి పన్ను అడ్డమగునట్లు వేగమును సరిచేసి, సెకనునకు సుమారు 3,13,000 కిలోమీటర్లని తేల్చెను. అదియు నించుక యెక్కువయే. ప్రతివాఁడును ముందువాని తప్పును జూపినాఁడు. దానికి ముందువానిని ద్రోహియనలేదు, తన్ను ద్రోహి యనలేదు.

పాశ్చాత్యులందఱు సత్యసంధులనియు, మనవారే జవాబు చూచి లెక్క చేయుదురనియు ఎవ్వరైన ననుకొందురేమో! న్యూటను మహాశయునియంతవాఁడును ఆ పని చేసినాఁడు. అదియును ధ్వని విషయముననే. గాలి సాంద్రతను, దాని స్థితిస్థాపకతను బట్టి ధ్వనివేగమును గణితముచేత రాఁబట్టఁగా ఆయనకు సెకనునకు 979 అడుగులు వచ్చెను. కాని ఇంగ్లాండులో నప్‌మినిస్టరు గ్రామపు మతాచార్యుఁడు విలియం డెర్‌హాము, దూరపు తుపాకుల మెఱుపు చూచి చప్పుడు వినుచు కొలిచినది 1142 అడుగులు. లోటు నూట యఱువదిమూఁడు. న్యూటను 1713 నాఁటి తన ప్రిన్సిపియా ద్వితీయ ముద్రణములో, గాలి కణములు ఘనములుగాన వానిలో శబ్దము తత్క్షణమే దాఁటునని కొంత కలిపెను. గాలిలోని యావిరి శబ్దములోఁ బాలుగొనదని మఱికొంత కలిపెను. కూడికచేయఁగా సరిగా 1142! ఒక్క యడుగు హెచ్చుతగ్గు లేదు. ఆ రెండు హేతువులలో నొకటియు నిలువలేదు. ధ్వని పోవునప్పుడు నొక్కఁబడిన గాలి వేఁడెక్కుననియు, ఆ వేఁడిమి చెదరిపోవుటకు వ్యవధి లేకుండుటచే వేగము హెచ్చుననియు 1816లో లాప్లాసు చూపినతరువాతఁగాని యసలు లోటు తీఱలేదు. న్యూటను దేశీయులు ఆయన గురుత్వాకర్షణ సిద్ధాంతమును దలపైఁ బెట్టుకొన్నారు, ఈ కూడికను బ్రక్కకుఁ బెట్టినారు. ఇందుచే న్యూటను చిన్నవాఁడయ్యెనా? కాలేదు. సాయణులును గారు.

మన దక్షిణదేశముననే ధ్వనివేగమును గొలిచిన కథ యొకటి యున్నది; అది సభలలోఁ దఱుచుగా వినరాదు. మదరాసు వేధశాలయందు జ్యోతిశ్శాస్త్రజ్ఞుఁడుగా నుండిన జాన్ గోల్డింగ్‌హాము, సెయింటు జార్జి కోటలోను, పరంగిమలయందును నిత్యము ప్రొద్దున సాయంకాలము పేల్చు ఫిరంగులను జూచి, మెఱుపునకును మ్రోఁతకును నడుమ కాలమును గడియారముతో లెక్కించి, ఫలములను 1823లో లండను రాజకీయ విద్వత్సంఘపు పత్రికలోఁ బ్రకటించెను. వేధశాలనుండి ఒక ఫిరంగి రెండున్నర మైళ్ళకుఁ బైన, మఱియొకటి అయిదున్నర మైళ్ళకుఁ బైన. మెఱుపు వచ్చుటకుఁ బట్టు కాలము లెక్కకు రానంత స్వల్పము గనుక, కనఁబడినదే పేలిన క్షణముగా గ్రహించి, వినఁబడుదాఁక లెక్కింపవచ్చును. వెలుఁగు వేగము హెచ్చగుటయే ధ్వనివేగమును గొలుచుట కుపాయమైనది! ఆయన యొక్క సంఖ్య చెప్పి యూరకుండలేదు. నాఁటి తాపమెంత, గాలిబరువెంత, తేమ యెంత, గాలి యెటు వీచినది యని యొక్కొక్క పరీక్షకును వ్రాసిపెట్టెను. నెలనెలకు ఫలము మాఱినది. మాఱినదని యచ్చు వేయించెను. అన్నిటిని నొక్క సంఖ్యకు లాగవలెనని యాయనకుఁ దోఁచలేదు.

ఇఁకఁ బూర్వపక్షము వినవలెను. అది త్రోసివేయఁదగినది కాదు. "మా పెద్దలకు విద్యయే లేదని, వారి గ్రంథములన్నియు నైరోపా పుస్తకముల యలమారలో నొక్క యరకు సాటిరావని 1835లో మెకాలే వ్రాసినాఁడు. ఆ మాట మీఁద కట్టిన బడులలో మూఁడు నాలుగు తరములు తలవంచుకొని చదివినవి. వంగిన తలను లేవనెత్తుటకు ఒకటి రెండు తీపి మాటలు చెప్పినచో నేమి నష్టము? పిల్లవాఁడు మన సాయణుఁడు చెప్పినాఁడని సంతోషించి భౌతికశాస్త్రమును ప్రీతితోఁ జదువుఁ గాక!" ఈ మాట యనువారు దుష్టులు కారు, వారి గుండెలోని గాయము నిజమైనది. కాని మందు కల్తీది. తండ్రి ఘనతను జెప్పుటకు దొంగపత్రము సృష్టించిన కొడుకు, తండ్రికి నిజమైన యాస్తి లేదని తానే యొప్పుకొన్నవాఁడగును. పిల్లవాఁడు పెద్దవాఁడై, యోజనములకుఁ బదిరకముల కొలతలున్నవని యొకనాఁడు తెలిసికొనును. ఆనాఁడు వాఁడు తన్ను మోసగించిన యుపన్యాసకుని విడిచిపెట్టి సాయణుని మీఁదఁ గోపించును. నాలుగు వేదములకు భాష్యము వ్రాయించిన యా మహాసంకల్పమునే యపహాస్యము చేయును. అట్టి యువకులను మే మెఱుఁగుదుము. వారిలోఁ గొందఱు సంస్కృతమును మరల ముట్టలేదు. ఇంకొక నష్టము దీనికంటెఁ బెద్దది: అంతయు నున్నదనుకొన్న యింట వెదకువాఁ డుండఁడు.

నిజమైన యాస్తి లేదా యనఁగా, ఉన్నది. ఈ వెలుఁగు చప్పుడుల విషయమందే యున్నది. కాని దానిని జూచుటకుఁ దర్కగ్రంథములు తెఱవవలెను, అందులకు శ్రమపడవలెను. కంటినుండి తేజఃకిరణము బయలుదేఱి వస్తువును దాఁకుటచేతనే చూపు కలుగునని నైయాయికుల మతము. దానిపై ప్రతివాదుల యాక్షేపమిది: కిరణము పోయి తాఁకుటయే నిజమైనచో, దగ్గఱనున్న చెట్టుకొమ్మను ముందును, దూరమున నున్న చంద్రుని వెనుకను జూడవలెను గదా, కన్ను తెఱవఁగానే రెండు నొక్కసారి కనఁబడుచున్నవేమి? న్యాయవార్తికకారుఁడగు ఉద్యోతకరుఁడు దీనికిచ్చిన సమాధానము మేము మొదటిసారి చదివినప్పుడు పుస్తకము మూసి కొంతసేపు కూర్చుంటిమి. రెండును ఒక్కసారి కాదు, క్రమము కలదు, వేగము మిక్కిలి యగుటచేత నా క్రమము మనకుఁ దెలియదు, నూఱు తామరరేకులను దొంతిగాఁ బేర్చి సూదితో గ్రుచ్చినచో ఒక్కసారి గ్రుచ్చినట్లే తోఁచును గాని రేకు తరువాత రేకే తెగును. ఇది క్రీస్తు తరువాత ఆఱేడు శతాబ్దముల నాఁటి మాట. కిరణము కంటినుండి పోవదు, కంటిలోనికి వచ్చును. అక్కడ నైయాయికులు పొరపడినారు. కాని మనకు ఒక్కసారిగాఁ దోఁచినది నిజముగా నొక్కసారియే కానక్కఱలేదను బుద్ధి, గెలీలియో లాంతరు వెనుక నున్న బుద్ధియే.

శబ్దము విషయమునను అంతే. అది యలలో నల పుట్టినట్లు సాగునని కొందఱు, కదంబపుమొగ్గ విచ్చినట్లు పది దిక్కులకు నొక్కమాఱు వ్యాపించునని కొందఱు వాదించినారు. దానికి ఆకాశమే యాధారమని తార్కికులన్నారు. వాయువుయొక్క సంయోగవిభాగములచేతనే యది వ్యక్తమగునని మీమాంసకు లన్నారు. ఈ వాదమున వాయుపక్షమే నేఁటి శాస్త్రమునకు దగ్గఱ. ఎవ్వరును కొలువలేదు, అది కొఱఁతయే, దాఁచవలసిన పని లేదు. కొలువకున్నను, ప్రతిపక్షి మాటను పూర్తిగా విని, వాని దృష్టాంతమునే తిప్పి, మఱియొక దృష్టాంతముతో నెదిరించిరి. వీరి వాదములను ఎనిమిదవ తరగతి పిల్లలకు విప్పి చెప్పవచ్చునని మాకు ననుభవముమీఁదఁ దెలిసినది. మెకాలే చదువలేదు సరే. సాయణుని యోజనములతోఁ జప్పట్లు కొట్టించుకొను మనవారును జదువకపోవుట చింత్యము.

అట్లని 2202 యోజనముల మాటను బడిలోఁ జెప్పవలదని మేమనము. చెప్పవలెను, నల్లబల్లమీఁద వాక్యార్థమును వ్రాసి, రెండు నిమేషములను మూఁడు యోజనములను దానిప్రక్క వ్రాసి, పిల్లలను లెక్కచేయుమనవలెను. ఆఱు జవాబులు వచ్చును. ఏది సరియని వారే యడుగుదురు. వర్షకాలమైనచో మెఱుపు చూచినది మొదలు ఉఱుము వినుదాఁక సెకనులు లెక్కించి, మూఁటిచే భాగించి, ఎన్ని కిలోమీటర్ల దూరమున మెఱసినదో ఇంటివద్ద వ్రాసికొని రమ్మనవలెను. క్రిందటి యేఁట మా తరగతిలో నొక బాలిక తెచ్చిన కాగితమున పదునొకండు మెఱుపులు, వాని యెదుట సెకనులు, కిలోమీటర్లు వరుసగా నుండెను. ఏడవ మెఱుపునకు ఎదుటమాత్రము ఖాళీగా విడిచి, "ఉఱుము ఏ మెఱుపుదో తెలియలేదు" అని వ్రాసికొనివచ్చెను.